రెండు గీతల అట్టముక్క

శనివారం పొద్దున ఆల్బీ స్నేహితుడు డెస్ తన చిన్న ట్రక్కు వేసుకుని వస్తాడు. ఆల్బీ చేసిన స్టాండునూ, దాని మీది టెలిస్కోపు గొట్టాన్నీ పట్టుకుపోతాడు. అది ఆల్బీ బతికుండగానే అనుకున్న మాట. ఆయన భార్య నోలా కాదనలేదు. కాకపోతే ఈలోగా ఒక్కసారి, తన చేత్తో తనే తోసుకుని, ఆ బన్నును పట్టుకోవాలని ఆవిడకి పట్టుదల వచ్చింది. ఇవాళ బుధవారం. మిగిలినవి మూడు సాయంత్రాలు.

బన్ను అంటే తినే బన్ను కాదు. ఆల్బీ నలభై ఏళ్ళ పైచిలుకు కుర్రాబిన్ ఊళ్ళో రొట్టెలు కాల్చాడు. ఆకాశంలోకి తలెత్తినా ఆయనకి బేకరీయే కనపడేది. దక్షిణాన సిలువలా కనపడే నాలుగు చుక్కలకి ఎడంగా వేలాది నక్షత్రాలు ఒకే చోట ముద్దగా ఉంటాయి, దాన్ని ఆయన 'పిండి' అనేవాడు. నల్లబల్ల మీద గుప్పెడు పిండి ఒలికినట్టే ఉంటుంది మరి. ఆ పిండికి కొంచెం అవతల, మన పాలపుంత లాంటిదే, వేరే గెలాక్సీ ఒకటి ఉంది. మసకగా, గుండ్రంగా, నడుమ అడ్డంగా ఒక నల్ల చార. బన్నును రెండుగా కోసి మధ్యలో జాము పూసినట్టుంటుంది. అది మామూలు కంటికి కనపడదు. టెలిస్కోపులోనే, అదీ ఎక్కడ చూడాలో తెలిసినవాడికే. ఏటా జూన్ నెల మొదట్లో, ఆ దక్షిణపు దేశంలో చలి మొదలయ్యే రోజుల్లో, చంద్రుడు లేని ఓ పది రోజులు, ఆల్బీ దాన్ని పట్టి నోలాను పిలిచేవాడు. నోలా వచ్చి కన్ను పెట్టి చూసేది. అంతే ఆవిడ వంతు. వెతకడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఆ స్టాండులో మోటారు లేదు, కరెంటు లేదు. దుకాణం బల్ల విరగ్గొట్టిన ప్లైవుడ్డుతో ఆల్బీయే చేసుకున్నాడు. తిరగలికి ఉన్నట్టు కింద ఒక గుండ్రటి చెక్క, దాని మీద తిరిగే పెట్టె. ఆ పెట్టెలో ఉయ్యాల్లో పిల్లను పడుకోబెట్టినట్టు గొట్టం. పెట్టెను పక్కకి తిప్పచ్చు, గొట్టాన్ని పైకీ కిందకీ ఎత్తచ్చు. ఉన్నవి ఆ రెండు కదలికలే. పెట్టె అడుగున సన్‌మైకా, దాని కింద మూడు టెఫ్లాన్ ముక్కలు. మరీ జారకూడదు, మరీ పట్టెయ్యకూడదు. వేలితో తోస్తే కదలాలి, వేలు తీస్తే అక్కడే నిలవాలి. కదిలినప్పుడల్లా కిర్రుమంటుంది. ఆ కిర్రు ఎలా పోగొట్టాలో ఆల్బీకి తెలుసు గానీ పోగొట్టలేదు.

"మాట్లాడేది మా ఇంట్లో అదొక్కటే," అనేవాడు డెస్‌తో, నోలా వినేట్టుగా.

"నేను మాట్లాడితే నువ్వు వింటావా ఏంటి," అనేది నోలా.

వాళ్ళిద్దరికీ ఉన్న పేచీ అల్లా ఒక్కటే. ఆ బన్నును ఆల్బీ ఎప్పుడూ సరిగ్గా భోజనం వేళకే పట్టేవాడు. నోలా ఆస్పత్రి వంటింట్లో పని చేసి ఐదుంబావుకి ఇంటికి చేరేది. ఆరున్నరకి పళ్ళాల్లో వేడివేడిగా వడ్డించేది. ఆవిడ పుట్టింట్లో ఎవరికి ఆకలైతే వాళ్ళు నిలబడి ఏదో ఒకటి తిని పోయేవాళ్ళు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది, "నాకేమీ తేనక్కర్లేదు. ఆరున్నరకి బల్ల దగ్గర కూచో, అది చాలు." ఆల్బీ కూచునేవాడు. ఏడాది పొడుగునా కూచునేవాడు. ఆ జూన్ పది రోజులు తప్ప.

"తిన్నాక చూడకూడదా నీ చుక్కలు? ఎక్కడికి పోతాయి?"

"అవి ఆగవు నోలా."

అంతే చెప్పేవాడు. ఆయన ఏదీ విడమరిచి చెప్పే మనిషి కాదు. రొట్టె ఎందుకు పొంగలేదని అడిగితే పొంగలేదు అనేవాడు.

కిందటి జూన్‌లో ఒకరోజు ఆస్పత్రిలో ఇద్దరు పనివాళ్ళు రాలేదు. ముగ్గురి పని నోలా ఒక్కతే చేసి ఇంటికొచ్చింది. గొర్రె చాప్స్ వేయించి, బంగాళాదుంపలు మెదిపి, బఠాణీలు ఉడకబెట్టి పళ్ళాల్లో పెట్టేసరికి పెరట్లోంచి ఆల్బీ పిలిచాడు. నోలా కదల్లేదు. తలుపు దాకా వచ్చి మళ్ళీ పిలిచాడు.

"చాప్స్ చల్లారిపోతే ఇంకోసారి వేయించే ఓపిక నాకు లేదు," అంది నోలా. "నీ బన్ను నువ్వే తిను."

ఆల్బీ మళ్ళీ పెరట్లోకి వెళ్ళాడు. స్టాండు కిర్రుమంది. కాసేపాగి మళ్ళీ కిర్రుమంది. ఇంకాసేపాగి ఇంకోసారి. మూడుసార్లు. తరవాత లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, చల్లారిన చాప్స్‌నే వంకలు పెట్టకుండా తిని, ఎనిమిదింటికి పడుకున్నాడు. రాత్రి ఒంటిగంటన్నరకి లేవాలి, పిండి కలపాలి.

మర్నాటి నించి మబ్బు పట్టింది. ఆ ఏటికి బన్ను అయిపోయింది. ఆగస్టులో బేకరీలో పిండి బస్తా దించుతూ ఆల్బీ కూలబడ్డాడు. డాక్టరు వచ్చేసరికి ప్రాణం లేదు.

* * *

బుధవారం సాయంత్రం ఆల్బీ చెల్లెలు గ్వెండా వచ్చింది. ఇద్దరూ భోంచేశారు. నోలా గిన్నెలు కడిగి, తుడిచి, అలమరలో సర్ది, కోటు తొడుక్కునేసరికి ఎనిమిదిన్నర. పెరట్లో మూడు సిమెంటు పలకల మీద స్టాండు ఉంది. మీద పాత దుప్పటి కప్పి ఉంది.

గ్వెండా దుప్పటి తీసి, ఒక గుడ్డ పట్టుకుని దుమ్ము దులపడం మొదలెట్టింది. "పరాయివాళ్ళకి ఇచ్చేది, కాస్త శుభ్రంగా ఇద్దాం వదినా. ఇదేమిటి, ఈ చెత్త?" అంటూ కింది చెక్క అంచు నించి ఏదో పీకింది.

ఈస్టు డబ్బా నించి కోసిన అట్టముక్క అది. బట్టల క్లిప్పుతో అంచుకి పట్టించి ఉంది. దాని మీద రెండు పెన్సిలు గీతలు, మూడు వేళ్ళ ఎడంలో. రాత ఏమీ లేదు.

"అది పారెయ్యకు," అంది నోలా. "ఇలా తే."

ఆ అట్టతో ఆల్బీ ఏం చేసేవాడో నోలా చాలాసార్లు చూసింది, అడగకపోయినా. ముందు గొట్టాన్ని పిండి మీద పెట్టేవాడు. పైపెట్టెకి కొట్టిన మేకు ఎక్కడుందో చూసి, మొదటి గీత దాని కిందికి వచ్చేట్టు అట్టను జరిపి క్లిప్పు పెట్టేవాడు. తరవాత పెట్టెను ఎడమకి తోసేవాడు, మేకు రెండో గీత మీదికి వచ్చేదాకా. అంతే, కన్ను పెట్టి తల ఊపేవాడు. మొత్తం కలిపి ఒక నిమిషం. ఇంత తేలికైనది తనకి రాకపోవడమేంటి అనుకుంది నోలా.

పిండి ఎక్కడుందో కంటికే తెలుస్తుంది, మసక చుక్కలాగా. తల వెనక్కి వాల్చి చూసింది. దాదాపు నడినెత్తికి ఎక్కేసింది. గొట్టం నిటారుగా నిలబెట్టాల్సి వచ్చింది. గురి చూసుకోడానికి ఆల్బీ గొట్టం పక్కన జానెడు రాగి పైపు కట్టాడు. దాంట్లోంచి చూడాలంటే గడ్డిలో మోకాళ్ళ మీద కూచుని మెడ విరుచుకోవాలి. చాలాసేపటికి పిండి చిక్కింది. అట్ట జరిపి, క్లిప్పు పెట్టి, పెట్టెను ఎడమకి తోసింది. మేకు రెండో గీత దగ్గరికి వచ్చింది. కన్ను పెట్టింది.

ఏమీ లేదు. ఉత్త చీకటి, నాలుగు చుక్కలు.

ఇంకాస్త తోసింది. ఇంకాస్త. పెట్టె చుట్టూ తిరిగొచ్చింది. మజ్జిగలో కవ్వం తిరిగినట్టు గొట్టం ఉన్నచోటే తిరుగుతోంది తప్ప ఎక్కడికీ పోవడం లేదు. ఈలోపు పిండి కూడా జారిపోయింది. మళ్ళీ మోకాళ్ళ మీద కూచుంది.

గ్వెండా వంటింటి కిటికీలోంచి అరిచింది. "దొరికిందా వదినా?"

"లేదు."

"గంటయింది. చలికి కట్టెలా బిగుసుకుపోయి అన్నయ్య దగ్గరికే పోయేట్టున్నావు. అక్కణ్ణించి అయితే దగ్గరగా కనపడుతుందిలే."

"నువ్వు టీ తాగి ఇంటికి పో."

"రెండు కప్పులయ్యాయి." గ్వెండా శాలువా కప్పుకుని బయటికొచ్చి మెట్టు మీద కూచుంది. కాసేపు చూసింది. "మా అన్నయ్యకి ఇది రెండో పెళ్ళాం వదినా. సవతి మాట వింటుందా?"

నోలా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. మోచెయ్యి గొట్టానికి ఆన్చి అలాగే నిలబడింది. "కిందటేడు నన్ను పిలిచాడు," అంది. "పోలేదు."

గ్వెండా శాలువా దగ్గరికి లాక్కుంది. "నలభైసార్లు పోయావుగా," అంది.

"ఆ ఒక్కసారీ పోలేదు."

* * *

గురువారం పొద్దున్నించీ మబ్బు. సాయంత్రానికి సన్నగా జల్లు కూడా పడింది. నోలా డెస్‌కి ఫోను చేసింది. డెస్ స్కూలు బస్సు నడుపుతాడు. ఊళ్ళో చుక్కలు చూసేవాళ్ళ సంఘం ఒకటి ఉంది, ఏడుగురు మనుషులు, ఆయన దానికి పెద్ద. కొన్నదీ చేసిందీ కలిపి ఆయన దగ్గర నాలుగు టెలిస్కోపులున్నాయి.

"బన్నా? పట్టుకుంటావా? నువ్వా?" అన్నాడు డెస్. "అక్కా, నా మోటారు స్టాండు తెచ్చి పెడతాను. బొత్తాం నొక్కితే అదే పోతుంది. నువ్వు కుర్చీలో కూచో."

"అక్కర్లేదు. దీంతోనే పట్టాలి. నిన్న గంటసేపు తిప్పాను, దొరకలేదు. ఆయన ఒక్క నిమిషంలో పట్టేవాడు."

"ఎన్నింటికి చూశావు?"

"ఎనిమిదిన్నరకి. గిన్నెలు కడిగాక."

అవతల డెస్ పళ్ళ సందునించి గాలి పీల్చాడు. "అదీ సంగతి. ఎనిమిదిన్నరకి అది నడినెత్తిన ఉంటుంది అక్కా. ఈ రకం స్టాండుకి నడినెత్తి పనికిరాదు. గొట్టం నిటారుగా నిలబడితే, నువ్వు పెట్టెను ఎంత తిప్పినా గొట్టం అక్కడే గింగిరాలు కొడుతుంది. వీపు మధ్యలో దురద లాంటిది, చెయ్యి అన్నిచోట్లకీ పోతుంది, అక్కడికి తప్ప."

"మరి ఎప్పుడు చూడాలి?"

"పైకెక్కకముందే పట్టాలి. ఈ రోజుల్లో అయితే ఆరున్నర. అంతకు ముందు వెలుతురు పోదు. ఏడు దాటితే ఇక అది పైకి పోతూనే ఉంటుంది. ఆరున్నరకి ఆ పిండీ బన్నూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఉంటాయి. గొట్టం ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. ఒక్క తోపు పక్కకి. లేదంటే పడమటికి వాలేదాకా ఆగాలి, అంటే ఏ పదకొండో. మాకు సరే. ఎనిమిదింటికి పడుకునే ఆల్బీకి ఎలా కుదురుతుంది పాపం."

నోలా ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అక్కా? ఉన్నావా?"

"ఉన్నాను. ఇది నీకు ఆయన చెప్పాడా?"

"ఆల్బీ చెప్పేదేముంది, ఈ స్టాండు తోసే ప్రతివాడికీ తెలుసు ఇది."

నోలా ఫోను పెట్టేసింది. వంటింట్లో గోడ గడియారం వంక చూసింది. దాని కింద బల్ల, రెండు కుర్చీలు. నలభై ఒక్క ఏళ్ళు. తిన్నాక చూడకూడదా అని తను అడగని సంవత్సరం లేదు. అవి ఆగవు అని ఆయన చెప్పని సంవత్సరమూ లేదు. అది మొండితనమని అనుకుంది. పెళ్ళాం వండిన తిండంటే లెక్కలేదని అనుకుంది. ఒక్కరోజు, ఒక్క సాయంత్రం, బయటికి వచ్చి, ఎందుకు ఆగవు అని తను అడగలేదు. భోజనం ఆరింటికి పెట్టమని ఆయనా అడగలేదు. ఆవిడ కోరిన కోరిక అదొక్కటే కదా, దాన్ని కదపడం ఎందుకనుకున్నాడో ఏమో.

కోటు జేబులోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది. డెస్ దగ్గర ఇలాంటిది లేదు. ఎవరి దగ్గరా ఆవిడ చూడలేదు. చుక్కలు చూసేవాళ్ళకి వెతుక్కోవడమే సరదా, గంటలు గంటలు వెతుక్కుంటారు. మరి ఈయన ఎందుకు అట్ట కోసుకున్నాడు, గీతలు గీసుకున్నాడు, నిమిషంలో పట్టాలని ఎందుకంత తొందరపడ్డాడు? లోపల పళ్ళాల్లో చాప్స్ చల్లారిపోతున్నాయని. ఇంకెందుకు.

ఆ రాత్రి నోలా భోజనం చెయ్యలేదు.

* * *

శుక్రవారం గాలికి మబ్బు విరిగింది. నాలుగింటికల్లా ఆకాశం కడిగినట్టుంది. ఇప్పుడు నోలా ఉద్యోగం మానేసింది, తొందరేమీ లేదు. అయినా ఐదున్నరకే పొయ్యి వెలిగించింది. చాప్స్ వేయించింది. బంగాళాదుంపలు మెదిపింది. బఠాణీలు. పళ్ళెంలో పెట్టింది, గ్రేవీ పోసింది, ఆవిర్లు వస్తున్నాయి. గడియారం ఆరూ ఇరవై.

పళ్ళెం బల్ల మీద వదిలేసి పెరట్లోకి వెళ్ళింది.

గోధుమ గోదాముల వెనక పడమట ఇంకా కాస్త ఎరుపు ఉంది. తూర్పు దిక్కు నల్లబడింది. పిండి సగం ఆకాశంలో ఉంది, మెడ విరుచుకోనక్కర్లేకుండా, ఎదురుగా. ఇంత అనుకూలంగా ఉందేమిటి అనుకుంది. రాగి పైపులోంచి చూసి గొట్టాన్ని తిప్పింది. కిర్రుమంది. కన్ను పెట్టింది. నల్లబల్ల మీద గుప్పెడు పిండి.

అట్టముక్క జరిపింది. మొదటి గీత మేకు కింద. క్లిప్పు. గొట్టాన్ని ఎత్తలేదు, దించలేదు. పెట్టె మూల మీద అరచెయ్యి ఆన్చి ఎడమకి తోసింది. ఆ మూల నున్నగా అరిగిపోయి ఉంది, ఆవిడ చెయ్యి కంటే పెద్ద చెయ్యి పట్టే మేర. మేకు రెండో గీత మీదికి వచ్చింది. ఆపింది.

కన్ను పెట్టింది.

ఉంది. మసకగా, గుండ్రంగా, నడుమ నల్లటి చార. ఏటా ఎలా ఉండేదో అలాగే ఉంది. ఏమీ తగ్గలేదు.

నోలా ఊపిరి బిగబట్టి చూసింది. ఊపిరి వదిలితే అద్దం మసకేస్తుందని ఆల్బీ అనేవాడు. బన్ను మెల్లగా జరుగుతూ జరుగుతూ అంచు దాకా పోయి మాయమైంది. మోటారు లేని స్టాండు మీద ఏదైనా అంతే, రెండు మూడు నిమిషాలు ఉండి పోతుంది. నోలా గొట్టాన్ని కింద నించి వేలితో కాస్త ఎత్తింది. బన్ను మళ్ళీ వచ్చింది. అయితే ఆవిడ వేలు అక్కడ ఆగలేదు. ఇంకొంచెం ఎత్తింది. బన్ను ఇవతలి అంచుకి పోయి నిలబడింది. నోలా పక్కకి తప్పుకుంది.

అప్పుడు తెలిసింది ఏం చేసిందో. తరవాత చూసేవాళ్ళ కోసం చేసే పని అది. బన్నును మధ్యలో వదలకూడదు, వాళ్ళు వచ్చేసరికి దాటిపోతుంది. కొంచెం ముందుకి పట్టి, అంచున పెట్టి వదలాలి. వాళ్ళు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కన్ను పెట్టేసరికి సరిగ్గా నడుమకి వస్తుంది. ఆల్బీ అలాగే పెట్టేవాడు. నోలా ఎప్పుడు వచ్చినా బన్ను నడుమనే ఉండేది. అది అక్కడే ఉంటుందనుకుంది ఇన్నాళ్ళూ.

వంటింటి తలుపు తెరిచి ఉంది. దీపం వెలుగుతోంది. ఫ్రిజ్ మోత వినపడుతోంది. నోలా చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని స్టాండు పక్కన నిలబడింది. గొట్టంలో చూడలేదు. బన్ను నడుమకి వచ్చి ఉంటుంది. దాటి ఉంటుంది. పోయి ఉంటుంది.

గొట్టం ఎత్తి మళ్ళీ అంచున పెట్టింది. కిర్రుమంది. నిలబడింది.

మూడోసారి కూడా పెట్టింది. కిందటేడు వంటింట్లోంచి విన్న కిర్రులూ మూడే.

తరవాత దుప్పటి కప్పి లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూచుంది. గ్రేవీ గడ్డకట్టింది. చాప్స్ మీద కొవ్వు తెల్లగా పేరుకుంది. వేడి చేసుకోలేదు. అన్నీ తిని, ఎముకలు పళ్ళెం అంచున పెట్టింది.

* * *

శనివారం పొద్దున తొమ్మిదింటికి డెస్ వచ్చాడు. గొట్టం ఒక దుప్పట్లో చుట్టాడు, స్టాండు ఒక దుప్పట్లో చుట్టాడు. ఒక్కడే ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

"ఆల్బీ రొట్టెలే తేలిక," అన్నాడు.

"అవి తేలికని మా ఆయన దగ్గర అని ఉంటే నీ పని చెప్పేవాడు," అంది నోలా. రెండో పక్క ఆవిడ పట్టింది. ఇద్దరూ ట్రక్కులోకి ఎక్కించారు. పెరట్లో మూడు సిమెంటు పలకలు మిగిలాయి. వాటి నడుమ గడ్డి పాలిపోయి ఉంది.

"దొరికిందా మరి?" అన్నాడు డెస్ తాడు బిగిస్తూ.

"దొరికింది."

డెస్ తాడు ముడి వేశాడు. నోలా కోటు జేబులోంచి అట్టముక్కా క్లిప్పూ తీసి ఇచ్చింది. అదేమిటో, ఎలా పెట్టాలో చెప్పింది. డెస్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకెప్పుడూ చూపించలేదే," అన్నాడు. "దొంగ. మా ముందు తడుముకుంటూ వెతికినట్టు నటించేవాడు."

"మీ దగ్గర తొందర లేదుగా." నోలా ట్రక్కు తలుపు వేసింది. "ఇది ఆరున్నరకే పనికొస్తుంది. గుర్తుపెట్టుకో. ఇవాళ ఫుట్‌బాల్ మైదానంలో జనానికి చుక్కలు చూపిస్తారుగా, ఎన్నింటికి?"

"ఎనిమిదికి పెట్టాం. జనం తినేసి వస్తారని. నువ్వూ రా అక్కా."

"ఆరున్నరకి పెట్టు."

డెస్ నవ్వాడు. "ఆరున్నరకా? ఈ ఊళ్ళో? పొయ్యి మీద కూర వదిలి ఎవరూ రారు అక్కా."

"రారులే," అంది నోలా. "నేనూ రాలేదుగా."